పురుగులు పండే దాకా

"గడప దాటినావంటే బాగుండదు, చెప్తా ఉండాను!"

మారమ్మ అరుపు లైను ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపించింది. పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లు పాలు వదిలి, పిల్లలకు జడలు వేసేవాళ్లు జడలు వదిలి వాకిళ్లలోకి వచ్చారు. బంగారు గని కంపెనీ సర్కారు చేతికి వచ్చినా కూలీల లైన్లలో ఇళ్లు మాత్రం తెల్లదొరలు కట్టించినప్పటివే. గోడలు పేరుకే ఉన్నాయి. ఒకరింట్లో తగవు పడితే పదిళ్లకు పంచిపెట్టినట్టే.

గడప అవతల నిలబడింది పరాయి మనిషి కాదు, కోడలు మునివెంకటమ్మను కన్న తల్లి అక్కయమ్మ. బేతమంగళ పక్క పల్లె నుంచి తొలి బస్సుకు బయలుదేరింది. నెత్తిన రాగిపిండి మూట, చంకలో కాళ్లు కట్టిన కోడిపెట్ట. నేరుగా ఆసుపత్రికి పోయి అల్లుణ్ణి చూసుంటే ఈ రభస తప్పేది. మర్యాద కదా అని ముందు వియ్యపురాలి ఇంటికి వచ్చింది. మర్యాదకు పోతే ఒక్కోసారి ఇలాగే అవుతుంది.

"వదినా, ఒక్క మాట చెప్పనీ..."

"ఎవురికి వదిన? నా కొడుకు చేతికి చీము పట్టినాక నీకూ నాకూ వరస లేదు. పిండి తెచ్చినావా? ఎవురికమ్మా పిండి? ముద్ద చేసి పెడితే విరుచుకోని తినేదానికి వానికి చెయ్యి యాడ ఉండాది?"

లోపల పొయ్యి దగ్గర మునివెంకటమ్మ మొగుడికి తీసుకుపోవాల్సిన గంజి కలుపుతూ ఉంది. కన్నతల్లి గొంతు విన్నా వెనక్కి తిరగలేదు. తేలు కుట్టిన దొంగలాగా కూర్చుంది. చూపు మాత్రం మాటిమాటికీ మూల ఉన్న రేకు పెట్టె మీదికి పోతోంది.

మారమ్మ కోపానికి కారణం లేకపోలేదు. గనిలో రాయి జారి పడి కొడుకు చిన్నన్న కుడి ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. పెద్ద డాక్టరు చెయ్యి కోసి, ఎముకలకు ఇనుప పట్టీలు బిగించి కుట్టాడు. అంతా బాగా కుదిరిందన్నారు. ఇంటికి పంపేటప్పుడు సూదిమందు సీసాలు చేతికిచ్చి, కట్టు మార్పించుకుంటూ, మందు తప్పకుండా వేయించుకోమన్నారు. ఈ ఒంటిగది ఇంట్లో, కొళాయి దగ్గర కొట్లాటల మధ్య అల్లుడు ఎలా కోలుకుంటాడని అక్కయమ్మ పల్లెకు తీసుకుపోయింది. మారమ్మ వద్దంటూనే ఉంది. చివరికి చిన్నన్న బండిలో పడుకుని వెనక్కి వచ్చాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెయ్యి సొరకాయంత వాచింది. కట్టు లోపలి నుంచి వచ్చే వాసనకు బండి తోలినవాడే ముక్కు మూసుకున్నాడు.

"మా ఇంట్లో పాలకు తక్కువ లేదు, గాలికి తక్కువ లేదు అంటివే!" మారమ్మ రెండు చేతులూ వాకిలికి అడ్డం పెట్టింది. "కాంపౌండరు సైకిలు తొక్కుకోని వాకిట్లోకి వస్తే, కట్టు విప్పనియ్యకుండా పంపించినారంటనే! ఆయప్పే మా తమ్ముడు చౌడప్పతో చెప్పినాడు. ఎందుకు పంపించినావు? చెప్పు, లైనులో అందరూ విననీ!"

అక్కయమ్మ కోడిని కింద పెట్టింది. మూట దించలేదు.

"పురుగులు ఉన్నాయి వదినా ఇంట్లో. రేష్మె పురుగులు. నీకు తెలుసు కదా."

"నాకేం తెలుసు? నేను రాయి బతుకు బతికినదాన్ని."

"పోయిన పంటకు సున్నకట్టు రోగం వచ్చి తట్టలు తట్టలు దిబ్బలో పోసినాము. ఈసారి నాలుగో జ్వరం లేచి, పురుగు ఆకు మీద పడి తింటా ఉన్నింది. ఆ నాలుగు దినాలూ మా ఇండ్లల్లో తిరగమోత గూడా పెట్టము. బీడీ తాగినోన్ని గడప తొక్కనియ్యము. ఘాటు వాసన తగిలితే పురుగు మేత మానేస్తుంది. కాంపౌండరు పెట్టె తెరిస్తే ఆ స్పిరిట్టు, ఆ డెటాలు..."

పట్టుపురుగు మేత మాని, తల ఎత్తి, పొర విడిచే నిద్రను ఆ పల్లెల్లో జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆబగా తిని, పండి, చంద్రికె అనే వెదురు తట్ట మీదికి ఎక్కి గూడు కడుతుంది. అంతవరకూ ఇల్లు ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని బతుకుతుంది.

"పురుగుల జ్వరం కనిపించె మీకు," అంది మారమ్మ. గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "నా కొడుకు జ్వరం కనిపించలేదా?"

వాకిళ్లలో నిలబడ్డ ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

అక్కయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. మారమ్మ భుజం మీదుగా లోపలికి, పొయ్యి దగ్గర కదలకుండా కూర్చున్న కూతురి వీపు వైపు చూసింది.

"నేనే పొమ్మన్నాను వదినా. నా బుద్ధి గడ్డి తినింది. తిట్టు, కొట్టు, నీ ఇష్టం. నీ కోడలికేమీ తెలీదు."

గంజిలో గరిటె ఆగిపోయింది.

అబద్ధం! ఎంత సునాయాసంగా ఆడింది తల్లి! ఆ పొద్దు అక్కయమ్మ ఇంట్లోనే లేదు, మల్బరీ తోటలో ఆకు కోస్తోంది. కాంపౌండరు అరుగు మీద పెట్టె తెరిచాడు. స్పిరిట్టు వాసన ముక్కుకు తగలగానే మునివెంకటమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి పురుగుల గది తలుపు మూసింది. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమెకు అబ్బిన విద్యే అది. వాసన వస్తే తలుపు మూయాలి, వాసన తెచ్చినవాణ్ణి తరమాలి. "నాలుగు దినాలు ఆగి రాప్పా, పురుగులు పండే దాకా," అంది. కట్టు సరే, సూది అయినా వేసి పోతానన్నాడు కాంపౌండరు. "దానికీ స్పిరిట్టు పూస్తావు కదా, వద్దు," అంది. మంచం మీద నుంచి చిన్నన్న నవ్వాడు. "పోనీలే అన్నా, పురుగులకు నామీద కోపం రాకూడదు," అన్నాడు.

ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే గుండెలో ముల్లు దిగినట్టుంది.

అంతటితో ఆగినా బాగుండేది. తరవాత కట్టు లోపలి నుంచే వాసన మొదలైంది. అప్పుడైనా భయపడాలా వద్దా? భయపడింది, పురుగుల కోసం! మొగుడి మంచాన్ని ఈడ్చుకుపోయి పశువుల కొట్టం పక్కన వేసింది, గాలి ఇటు కొట్టకుండా. పురుగులు బాగా పండాయి. గూళ్లు బంగారం లాగా వచ్చాయని ఊరంతా చెప్పుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే చిన్నన్న ఏమని చెప్పాడు? "కట్టు ఒకటే మార్చలేదు సార్. సూదులన్నీ సరిగ్గా పడినాయి," అని. పక్కన మారమ్మ ఉంది. కట్టు సంగతికే ఇంత మండిపడే తల్లికి సూదుల సంగతి కూడా తెలిస్తే పెండ్లాం గతి ఏమవుతుందో అతనికి తెలుసు.

ఆ వేయని సూదిమందు సీసాలు రేకు పెట్టెలో, పెళ్లి రవిక మడతలో ఉన్నాయి.

"నువ్వూ పోమ్మే నీ యమ్మతోనే!" మారమ్మ ఇప్పుడు కోడలి మీదికి తిరిగింది. "మీ యమ్మ పొమ్మనింది, సరే. నువ్వు కండ్లు యాడ పెట్టుకోని ఉన్నావు? మొగుని చెయ్యి కుళ్లిపోతాంటే ఆకులు తరుగుతా కూర్చున్నావా? నోరు తెరువు!"

మునివెంకటమ్మ నోరు తెరవలేదు. మారమ్మ చెప్పులు తొడుక్కుని, చౌడప్పను కేకేసి, ఆసుపత్రికి విసవిసా వెళ్లిపోయింది.

అత్త కనుమరుగయ్యాక మునివెంకటమ్మ పెట్టె తెరిచింది. రవికలో చుట్టిన సీసాలను బొడ్లో దోపుకుని, గంజి గిన్నెకు గుడ్డ కట్టి బయటికి వచ్చింది. కోడిని వాకిటి గుంజకు కట్టి, మూట అక్కడే దించి, అక్కయమ్మ కూతురి వెంట నడిచింది.

దారి సైనైడు దిబ్బల పక్క నుంచి పోతుంది. బంగారం తీసుకుని కంపెనీ వదిలేసిన తెల్లమట్టి కొండలవి. గాలికి ఆ మట్టి లేచి కళ్లలో పడుతోంది. తల్లీకూతుళ్లిద్దరూ కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అలా అయితే ఒకరి మొహం ఒకరు చూసుకునే అవసరమూ లేదు.

"ఎందుకమ్మా నీ మీద ఏసుకున్నావు?" అని అడిగింది మునివెంకటమ్మ.

"నాకేమి, మాపటి బస్సుకు ఊరికి పోతాను. నువ్వు ఆ ఇంట్లో బతకాల."

"పాపం నాది."

"పాపం పుణ్యం తరవాత చూసుకుందాం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఊరుకో." నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించింది. "ఆ సీసాలు ఇంగా ఉండాయా?"

మునివెంకటమ్మ బొడ్డు తడుముకుంది.

"పారెయ్! అవి ఎవురి కంట్లోనన్నా పడితే అయిపోయినావు. అదో, ఆ మోరీలో వెయ్యి."

దిబ్బ కిందుగా పారే ఆ మురుగుకాలువ దగ్గర ఇద్దరూ ఆగారు. మునివెంకటమ్మ రవిక మూట బయటికి తీసింది. సరిగ్గా అప్పుడే గని సైరను మోగింది. షిఫ్టు దిగిన మనుషులు దుమ్ము కొట్టుకున్న మొహాలతో గుంపుగా ఆ దారినే వచ్చారు. చిన్నన్నతో డ్రిల్లు మిషను పట్టిన ఎల్లప్ప వాళ్లలో ఉన్నాడు. ఆగి పలకరించాడు.

"ఎట్లుండాడమ్మా మా వాడు? మిషను పట్టేదానికి వాని చెయ్యి లేకుంటే మాకు ఏమీ తోచడంలేదు. జల్దీ రమ్మని చెప్పు."

"చెప్తానన్నా," అంది మునివెంకటమ్మ. మూట మళ్లీ బొడ్లోకి పోయింది.

ఆసుపత్రి వరండాలో మారమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. చౌడప్ప టవలు నలుపుకుంటూ పక్కన నిలబడ్డాడు. వీళ్లను చూసి కళ్లతోనే వద్దు వద్దన్నాడు.

"ఏమాయె?" అంది మునివెంకటమ్మ.

చౌడప్పే చెప్పాడు. "చెయ్యి తీసేస్తారంటమ్మా. మోచెయ్యి పైకి."

గంజి గిన్నె ఎక్కడ పెట్టిందో, పెట్టిందో పడేసిందో మునివెంకటమ్మకు తెలియదు. వార్డులోకి పరుగెత్తింది. చిన్నన్న కళ్లు సగం మూతపడి ఉన్నాయి. పెదాలు పొక్కిపోయాయి. కుడిచెయ్యి దిండు మీద ఉంది. దాన్ని చెయ్యి అనడానికి ఆమెకే మనసు ఒప్పలేదు. స్టెల్లా సిస్టరు ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తోంది.

"సిస్టరమ్మా, ఎందుకు కోస్తారు? మందు ఇయ్యండి! ఇంగా ఎక్కువ మందు ఇయ్యండి!"

సిస్టరుకు ఆ గొంతు వినీ వినీ అలవాటే. అయినా విసుక్కోలేదు. "ఇదోపారు, చూడమ్మా. చీముకు మన దగ్గిర ఉండేది ఒకటే మందు. ఆ సూదులన్నీ ఊర్లో వేసుకోని వచ్చినాడు. అన్నీ వేసినాక గూడా చీము ఎముకల్లోకి పోయిందంటే, ఆ మందుకి అది అడంగదు, తగ్గదు. మళ్లీ అదే మందు పోస్తే ఏమి లాభం? వేరే మందు మద్రాసు నించి రావల్ల. అంతదాకా విషం ఒళ్లంతా ఎక్కిపోతుంది. అందుకే డాక్టరు కోసేద్దామంటా ఉండాడు. చెయ్యి పోయినా మనిషి దక్కల్ల కదా?"

మునివెంకటమ్మ వింది. మళ్లీ ఒకసారి మనసులోనే విన్నది.

సూదులన్నీ వేసినాక గూడా.

అంటే డాక్టరు కత్తి పట్టుకుంటున్నది చీమును చూసి కాదు, చిన్నన్న ఆడిన అబద్ధాన్ని నమ్మి! తన పరువు కోసం, తను ఆ ఇంట్లో నిలబడాలని ఆ మనిషి ఆడిన అబద్ధం ఇప్పుడు అతని చెయ్యినే తీసుకుపోతోంది. ఒక్క సూది పడి ఉంటే కదా మందుకు లొంగిందో లొంగలేదో తెలిసేది!

"డాక్టరు యాడ?" అంది.

పెద్ద డాక్టరు వార్డు గుమ్మం దగ్గరే ఉన్నాడు. చేతులు కడుక్కోవడానికి బయలుదేరినవాడు, చౌడప్ప అడ్డం తగిలి బతిమాలుతుంటే ఆగాడు. మారమ్మ లేచి వచ్చింది. వెనకనే అక్కయమ్మ.

"సార్," అంది మునివెంకటమ్మ. "సూదులు పడలేదు."

"ఏమిటి?"

"ఊర్లో సూదులు ఏపించలేదు సార్. కట్టూ మార్చలేదు, సూదులూ లేవు. ఒక్కటి గూడా పడలేదు. నేనే వద్దన్నాను."

"లేదు సార్!" మంచం మీద నుంచి చిన్నన్న తల ఎత్తాడు. జ్వరంలో ఎక్కడి బలం వచ్చిందో. "పడినాయి! అది పిచ్చిది. నా చెయ్యి కోస్తారని అబద్ధం చెప్తా ఉండాది. అన్నీ పడినాయి!"

"నేను పొమ్మన్నాను దొరా," అని అక్కయమ్మ ముందుకు వచ్చింది. "కాంపౌండరును పొమ్మన్నది నేను. దానికేమీ తెలీదు."

"కాదు సార్, నేనే పొమ్మన్నాను," అన్నాడు చిన్నన్న. తన మాటకు తానే అడ్డు తగిలానని కూడా అతనికి తెలియలేదు.

డాక్టరు మొహం ఎర్రబడింది. "పొమ్మన్నది ఎవరైతే నాకేం! మీ ఇంటి పంచాయితీ ఇంటి దగ్గర పెట్టుకోండి. నాకు ఒకటే కావాలి. ఈ మనిషి ఒంట్లోకి మందు పోయిందా, లేదా?"

మునివెంకటమ్మ బొడ్లో నుంచి రవిక మూట తీసింది. ముడి రాలేదు. పళ్లతో లాగింది. పొడిమందు సీసాలు మంచం అంచు మీద దొర్లాయి. తగరం మూతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఆసుపత్రి చీటీ అతికించింది అతికించినట్టే ఉంది.

డాక్టరు ఒకటి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. ఇంకొకటి చూశాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని మునివెంకటమ్మకు అనిపించింది.

"సిస్టర్, ఇప్పుడే మొదలుపెట్టండి. పెద్ద మోతాదు," అన్నాడు. సిస్టరు పరుగెత్తింది.

ఆ సందడిలో చిన్నన్న ఎడమచేత్తో పెండ్లాం మణికట్టు పట్టుకున్నాడు. అంత సన్నటి గొంతుతో అతను ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఎందుకు చెప్పినావే? చెయ్యి పోతే పోయింది. మా యమ్మ నిన్ను ఉండనిస్తిందా ఇంగ?"

"నువ్వు ఉండు. నేను యాడ ఉంటే ఏమి?" అంది మునివెంకటమ్మ. ఇన్నాళ్లుగా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. మొగుడి అరచేతిలో మొహం పెట్టుకుని, ఎవరు చూస్తున్నారన్నది కూడా లేకుండా ఏడ్చింది.

మారమ్మ అంతా చూసింది. సీసాలను చూసింది, కోడలిని చూసింది. చెంప మీద కొడుతుందని చౌడప్ప మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె కొట్టలేదు. వెనక్కి తిరిగి వరండాలోకి పోయింది. లైను మొత్తం వినేలా తిట్టగల మనిషి నోరు మెదపకుండా పోతే, మిగిలినవాళ్లకు ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

డాక్టరు మంచం దగ్గరికి వచ్చాడు. "విను చిన్నన్నా. మందు పోలేదు కాబట్టి ఒక దారి ఉంది. కానీ ఆలస్యం చాలా అయింది. ఇనుము లోపల ఉన్నంతసేపూ చీము ఆరదు. ఇప్పుడు కోసి పట్టీలు తీసేస్తాను, కడుగుతాను. ఎముక బాగుంటే చెయ్యి ఉంచుతాను. నల్లబడిపోయి ఉంటే తీసేస్తాను, నిన్ను అడగను కూడా. అటూ ఇటూ కాకుండా ఉంటేనే చిక్కు. ఉంచితే చెయ్యి దక్కవచ్చు, లేదా మనిషివే పోవచ్చు. అది నేనొక్కణ్ణే తేల్చను. బయటికొచ్చి అడుగుతాను. మీలో ఒకరే చెప్పాలి. ముగ్గురూ మూడు చెబితే నాకు కుదరదు."

చిన్నన్న కళ్లు మూసుకుని తెరిచి పెండ్లాం వైపు చూశాడు. "మునెమ్మ చెప్తుంది."

"మీ అమ్మ ఉంది కదా?"

"మునెమ్మ ఏమంటే అదే సార్."

ఈ మాట వరండాలోకి వినిపించిందో లేదో. మంచాన్ని తోసుకుపోతుంటే మారమ్మ లేచి కొడుకు నుదుటి మీద చెయ్యి వేసింది. కురుడుమలె వినాయకుడి పేరు మీద పసుపు బట్టలో కట్టుకున్న ముడుపును అతని తలగడ కింద పెట్టబోతే, లోపలికి ఏదీ రాకూడదని సిస్టరు తీసి తిరిగి ఇచ్చింది. వేరే పొద్దయితే మారమ్మ పోట్లాడేది. ఇప్పుడు మారుమాట లేకుండా తీసుకుంది.

తలుపు మూసుకుంది.

బల్ల మీద ఈ కొసన మారమ్మ, ఆ కొసన అక్కయమ్మ, మధ్యలో మునివెంకటమ్మ కూర్చున్నారు. చౌడప్ప టీ తెచ్చి ఇచ్చాడు. ముగ్గురి చేతుల్లోనూ అది చల్లారిపోయింది. వాకిలి అవతల ఎండ ముదిరింది.

చాలాసేపటికి అక్కయమ్మ ఉండబట్టలేక, "వదినా," అంది.

మారమ్మ అటు చూడలేదు. "నీ కోడిని వాకిట్లోనే వదిలేసి వస్తివి," అంది. "చౌడప్పను పంపించి గంప కింద పెట్టించినాను. నీళ్లూ పెట్టించినాను."

అక్కయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కోడికి దొరికిన దయ మనుషులకు దొరుకుతుందన్న నమ్మకం మునివెంకటమ్మకు లేదు. అత్త చేతిలోని పసుపు ముడుపు వైపే చూస్తూ కూర్చుంది. అడిగితే తిడుతుందేమో. తిట్టినా సరే, మాట్లాడితే చాలు.

"అత్తా, ఇంగ నేను ఏం చేయాల?"

మారమ్మ ముడుపును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"నిన్ను అడగకుండా చేసినాను. తప్పు చేసినాను. మంచాన్ని గూడా కొట్టం పక్కకు ఈడ్చినాను, వాసన పురుగులకు కొడుతుందని. ఇది ఎవురికీ తెలీదు. నీకు చెప్తా ఉండాను."

మారమ్మ వేళ్లు ముడుపు మీద బిగుసుకున్నాయి. అంతే.

అప్పుడు తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికి వచ్చాడు. తొడుగులు వేసుకున్న చేతులు రెండూ దేనికీ తగలకుండా పైకి పట్టుకున్నాడు. ముగ్గురూ ఒక్కసారే లేచారు.

"పట్టీలు తీసేశాను," అన్నాడు. "ఒక ఎముక బాగుంది. రెండోది సగం బాగుంది, సగం లేదు. ఏది జరగకూడదనుకున్నానో అదే. ఉంచమంటావా, తీసేయమంటావా?"

డ్రిల్లు మిషను పట్టిన చెయ్యి. నిన్ను ఉండనిస్తిందా అని మణికట్టు పట్టుకుని అడిగిన మనిషి. ఏది ఉంచమన్నా రెండోది పోయేలా ఉంది. మునివెంకటమ్మ తెలియకుండానే అత్త వైపు తిరిగింది.

"నన్నెందుకు చూస్తావు?" అంది మారమ్మ. గొంతు పెంచలేదు. "ఆ పొద్దు కాంపౌండరును పొమ్మనేటప్పుడు నన్ను అడిగినావా?"

"అత్తా..."

"అడగలేదు కదా. ఇప్పుడూ అడగొద్దు. వాడు నిన్నే చెప్పమన్నాడు. చెప్పు."

లోపలి నుంచి సిస్టరు ఏదో తొందర చేసింది. డాక్టరు వెనక్కి చూడలేదు.

"చెప్పమ్మా," అన్నాడు.

మునివెంకటమ్మ నోరు తెరిచింది. "చెయ్యి తీసేయండి సార్, మనిషిని ఉంచండి," అంది.